రెండు మెట్లు పైకి

ఇంట్లో మైకు లేదు కాబట్టి డెల్ఫియా వంటింటి మధ్యలో ఒక బకెట్టులో ఇసుక పోసి, అందులో నేల తుడిచే కర్ర గుచ్చి నిలబెట్టింది. కర్ర చివర మొగుడి పాత మేజోడు తొడిగింది. శనివారం సాయంత్రం ఫైరుస్టేషను విందులో అక్కాచెల్లెళ్ళకి దొరికేది ఒకే ఒక్క మైకు. ఎవరి వాద్యం వినబడాలో వాళ్ళు అడుగు ముందుకు వెయ్యాలి, రెండోవాళ్ళు పక్కకి తప్పుకోవాలి, కోరస్ రాగానే ఇద్దరూ తలలు దగ్గరికి చేర్చి పాడాలి. గిటారు మెడ పొడుగు. మాండొలిన్ పట్టుకున్న మనిషి ఒక్క క్షణం ముందుగా వస్తే ఆ మెడ వచ్చి గడ్డానికి తగులుతుంది.

చెల్లెలు ఒర్ఫాకి అది తగలడం ఆ పూట రెండోసారి.

"మళ్ళీ తొందర!" అంది డెల్ఫియా. "నీ ముక్కు నీకు కావాలా, అక్కర్లేదా?"

"నువ్వు పక్కకి జరగలేదక్కా."

"నేనెందుకు జరుగుతానే? నేను కేకుని. నువ్వు మీద రాసే క్రీమువి. కేకు ఎక్కడైనా జరుగుతుందా?"

వసారాలో బీన్స్ ఈనెలు తీస్తూ కూచున్న హోబర్ట్ పకపకా నవ్వాడు. డెల్ఫియా మొగుడాయన. పెళ్ళాం ఏమన్నా నవ్వడం అతనికి ఇల్లు గడుపుకునే పద్ధతి.

ఒర్ఫా గడ్డం రుద్దుకుంది. ఆమెకి యాభై మూడేళ్ళు. అక్క పదకొండేళ్ళు పెద్దది. తల్లి పోయిననాటికి ఒర్ఫా చిన్న పిల్ల. గిన్నెలు తోముకుంటూ డెల్ఫియానే ఆమెకి పాట నేర్పింది. నేర్పడమంటే, తను పాట పాడేది, చెల్లెల్ని ఆ పాటకి పైన ఇంకో వరసలో పాడమనేది. "నా మీద నిలబడు, కింద చూడకు," అనేది. ఆ కొండల్లో బ్లూగ్రాస్ అనే పల్లె పాటలు పాడే జంటలన్నీ అంతే: ఒకరిది ముందు గొంతు, ఒకరిది పై గొంతు. ముందు గొంతుది పాట. ఏ శ్రుతిలో పాడాలో తేల్చేది కూడా ఆ గొంతే. పై గొంతు ఎంత ఎత్తైనా దాన్ని అందుకోవాలి, ఎంత కిందికి దిగినా వంగి రావాలి.

ఒకప్పుడు వాళ్ళు అన్నీ బి అనే ఎత్తు శ్రుతిలో పాడేవాళ్ళు. గిటారు మెడ మీద శ్రుతి పెంచే క్లిప్పు నాలుగో మెట్టు దగ్గర బిగించేది డెల్ఫియా. చుట్టుపక్కల ఆడవాళ్ళెవరూ అంత పైన పాడగలిగేవాళ్ళు కాదు. రెండేళ్ళ కిందట చలికాలంలో డెల్ఫియాకి ఊపిరితిత్తులకి జబ్బు చేసింది. జబ్బు తగ్గింది కానీ గొంతు తిరిగి రాలేదు. క్లిప్పు రెండో మెట్టుకి దిగింది. పాటలు బి నించి 'ఏ' అనే కింది శ్రుతికి దిగాయి, కొన్ని ఇంకా కిందికి. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. "ఈ కాలం జనానికి అంత ఎత్తు శ్రుతి తలనొప్పి," అని డెల్ఫియా అంది, అందరూ అవునన్నారు. ఆనాటి నించి ఒర్ఫా గొంతు తక్కువ ఎత్తు వాకిట్లోంచి తల వంచుకుని వచ్చే మనిషిలా బతుకుతోంది.

సోమవారం నాడు ఒర్ఫాకి ఫోను వచ్చింది. ఆమె ఉండేది అక్క పెరటికి దిగువన నిలిపిన చక్రాల మీది ట్రైలరు ఇంట్లో. ఫోను చేసినవాడు గార్లండ్ ప్రూయెట్. పక్క కౌంటీలో అతనికో బృందం ఉంది. కుర్రతనం నించి ఆ బృందాన్ని వ్యానులో వేసుకుని టెనెసీ నించి కరోలినా దాకా తిరునాళ్ళన్నీ తిరుగుతాడు.

"వసంతంలో ఒక అంత్యక్రియల్లో మీ ఇద్దర్నీ విన్నానమ్మా," అన్నాడు. "మా పై గొంతు మనిషికి గొంతులో కణితి కోశారు. ఇంక పాడడు. వ్యానులో ఒక సీటు ఖాళీ అయింది."

"మా అక్క..."

"ఒక్క సీటేనమ్మా."

ఒర్ఫా కిటికీలోంచి అక్క వంటింటి వైపు చూసింది.

"కాకపోతే ఒక సంగతి. నేను బి లో పాడతాను. మీరు ఆనాడు ఏ లో పాడారు. ఆ ఎత్తులో ఎవరైనా పాడతారు. శనివారం మీ విందుకి వస్తాను. బి లో ఒక్క పాట వినిపించు చాలు. చిట్లకుండా నిలబడితే ఆ పై సోమవారం బండెక్కు."

ఫోను పెట్టేశాక ఒర్ఫా తలుపు తీసి గేటు వైపు చూసింది. తల్లి పోయినప్పుడు గేటు దగ్గర నిలబడి చూసింది. టైర్లు మార్పించుకొస్తానని వెళ్ళిన తన మొగుడు రాయిస్ ఇప్పటికీ రాలేదు. అతన్నీ ఆ గేటు దగ్గర నించే సాగనంపింది. చర్చిలో తన ఈడు ఆడవాళ్ళు ఒక్కొక్కరే పెట్టెల్లో పడుకుని వెళ్ళిపోతుంటే పక్కన నిలబడి పై గొంతు పాడింది. ఈ జన్మలో ఒక్కసారి, తను బండిలో కూచుని ఉండగా ఇంకొకరు గేటు దగ్గర నిలబడితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. అది పాపమేమో అని కూడా అనిపించింది. అనిపించినా కోరిక తగ్గలేదు.

బుధవారం డెల్ఫియా గిటారుకి కొత్త తీగలు వేసింది. శనివారం నాటికి సాగి స్థిరపడాలంటే బుధవారమే వెయ్యాలి. ఒర్ఫా కూడా మాండొలిన్ తీగలు మార్చుకుంటూ, అక్క చేతులు పనిలో ఉన్నప్పుడే అడిగితే మంచిదని అడిగింది.

"అక్కా, దీపం పాట బి లో పాడదామా? ఈ ఒక్కసారికి?"

'నది అవతలి దీపం' వాళ్ళ ఇద్దరి పేరు మీద జనం గుర్తు పెట్టుకున్న పాట. డెల్ఫియా తీగ కొస కత్తిరించబోతున్న పట్టకారు ఆపింది.

"ఎవరికోసం?"

"ఎవరికోసమూ కాదు. పాత రోజుల్లో అలాగే పాడేవాళ్ళం కదా అని."

"పాత రోజుల్లో నీకు మొగుడు కూడా ఉండేవాడు. అతన్నీ పిలుద్దామా?" అని డెల్ఫియా తీగ కొస తుంచేసింది.

వసారాలో హోబర్ట్ ఈసారి నవ్వలేదు. దగ్గాడు.

"నీ గొంతు సంగతి కాదక్కా నేను..."

"నా గొంతుకేమొచ్చింది?"

"ఏమీ రాలేదు."

"మరి నోరు మూసుకుని ఆ తీగ బిగించు. వదులుగా ఉంది. అన్నట్టు నీ గౌను కుట్టేశాను. నడుము దగ్గర కాస్త పట్టేసినట్టుంది. ఏం ఫరవాలేదులే, జనం చూసేది నన్ను."

ఆ రాత్రి నించి ఒర్ఫా తన ట్రైలరులో ఒంటరిగా సాధన మొదలుపెట్టింది. చప్పుడు పెరట్లోకి పోకుండా మాండొలిన్ తీగల కింద గుడ్డ పేలిక దూర్చింది. దీపం పాట ఎత్తుకునేది మాండొలినే. మొదటి వరస తను వాయిస్తే ఆ వెనక గిటారు కలుస్తుంది. తను బి లో ఎత్తుకుంటే అక్క బి లో కలవాల్సిందే. స్టేజీ మీద ఎత్తుకున్న పాటని దించడమన్నది వాళ్ళలో లేదు. డెల్ఫియాకి అయితే అది ప్రాణంతో సమానం. ఒకసారి సంతలో గాలికి డేరా కూలి నెత్తిన పడితే, ఆ గుడ్డ కిందే నిలబడి పాట పూర్తి చేసింది. పాట మధ్యలో ఆపిన వాళ్ళని గురించి ఆమె, పసిబిడ్డని రోడ్డు మీద దించేసి పోయినవాళ్ళని గురించి మాట్లాడినట్టు మాట్లాడుతుంది.

కాబట్టి అక్క ఆపదు. పాడుతుంది. కోరస్‌లో రెండో పాదం దగ్గర అన్నిటికన్నా పై స్వరం వస్తుంది, అక్కడ అక్క గొంతు చిట్లుతుంది. ఒర్ఫాకి ఇది తెలుసు. తెలిసే, చూడకుండానే వేళ్ళు నడిచేదాకా సాధన చేసింది. కోడి మెడ తిప్పినట్టు చటుక్కున అయిపోతుంది అనుకుంది. ఒక్క పాట. వెంటనే ఇంకో పాట ఏ లో పాడితే జనం మరిచిపోతారు. ఆ పైన అక్కకి ఎలాగూ నచ్చజెప్పుకోవచ్చు. ఇలా అనుకున్న ప్రతిసారీ లేచి నీళ్ళు తాగి మళ్ళీ వాయించేది.

శనివారం ఫైరింజన్లని బయట పచ్చిక మీదికి తోలి, షెడ్డులో పొడుగు బల్లలు వేశారు. పెద్ద డేకిసాల్లో బీన్స్, ఇనప పెనాల్లో మొక్కజొన్న రొట్టె, ఒక పక్కగా కేకుల బల్ల. గార్లండ్ ప్రూయెట్ ఆ కేకుల బల్ల దగ్గరే నిలబడ్డాడు. తెల్ల టోపీ, నోట్లో పుల్ల. ఒర్ఫాని చూసి టోపీ అంచు తాకి ఊరుకున్నాడు.

"ఎవరే అతను?" అంది డెల్ఫియా, క్లిప్పు బిగిస్తూ.

"ఎవరో. తెలీదు."

"ఊఁ," అంది డెల్ఫియా.

విందు నడిపించే ఇమోజీన్ వాళ్ళ పేర్లు చదివింది. నీలం గౌన్లలో ఇద్దరూ మైకు ముందుకి వచ్చారు. మొదటి మూడు పాటలూ నూనె రాసినట్టు నడిచాయి. అడుగు ముందుకి, అడుగు వెనక్కి, ఎక్కడా గడ్డానికి ఏదీ తగల్లేదు. ముసలివాళ్ళు బూట్లతో తాళం వేశారు.

నాలుగోది దీపం పాట. ఒర్ఫా మైకు దగ్గరికి అడుగు వేసింది. బి లో ఎత్తుకుంది.

డెల్ఫియా చెల్లెలి మొహం వైపు చూడలేదు. మాండొలిన్ మెడ మీద వేళ్ళు ఎక్కడున్నాయో చూసింది. అంతే. ఎడమ చేత్తో క్లిప్పు నొక్కి రెండు మెట్లు పైకి జరిపింది. ఒర్ఫా మొదటి వరస ముగించేసరికి గిటారు సరిగ్గా బి లో వచ్చి కలిసింది. ఒక్క తాళం తప్పలేదు. భయంలో కూడా ఒర్ఫాకి, ఎంత చెయ్యి తిరిగిన మనిషి మా అక్క అనిపించింది.

మొదటి చరణం కిందనే నడుస్తుంది, గడిచిపోయింది. కోరస్ వచ్చింది. ఇద్దరూ తలలు చేర్చారు. ఒర్ఫా గొంతు విప్పింది. రెండేళ్ళ తరవాత మొదటిసారి వంగకుండా నిలబడిన ఆ గొంతు రేకుల కప్పుకి తగిలి తిరిగి తన చెవిలోనే పడింది. కేకుల బల్ల దగ్గర గార్లండ్ నోట్లోంచి పుల్ల తీశాడు.

కోరస్ రెండో పాదంలో డెల్ఫియా గొంతు చిట్లింది. ఎండు చెక్క చీలినట్టు, అందరికీ వినబడేలా. ముందు వరసలో ఒకాయన తల దించుకుని తన బీన్స్ గిన్నెలోకి చూశాడు.

అప్పుడు డెల్ఫియా అరచెయ్యి గిటారు తీగల మీద వేసి, పాట ఆపేసింది.

ఒర్ఫా ఒక్కతే ఇంకో నాలుగు మాటలు పాడి ఆగింది. హోబర్ట్ నోరు తెరిచి చూస్తున్నాడు.

"క్షమించండి నాయనలారా," అంది డెల్ఫియా మైకులో, తేనె కారుతున్న గొంతుతో. "మా చెల్లి కంగారు పడింది. తప్పు శ్రుతిలో ఎత్తుకుంది. దాని వెనకే పోదామని చూశాను కానీ, తప్పుని ఎంత దూరమని మోస్తాం?"

జనం హాయిగా నవ్వారు. ఊపిరి పీల్చుకున్న నవ్వు అది. చిట్లింది ఈవిడ గొంతు కాదన్నమాట, తప్పు ఆ రెండోదానిది.

"దీన్ని తిట్టకండి. చిన్నప్పుడు చర్చి నాటకంలో దీనికి గొర్రెపిల్ల వేషం వేశాం. ఏమీ మాట్లాడక్కర్లేదు, నిలబడితే చాలు. అదీ చెయ్యలేక ఏడ్చుకుంటూ పారిపోయింది."

ఈసారి నవ్వు ఇంకా పెద్దది. గార్లండ్ నవ్వలేదు.

"చప్పట్లు కొట్టండి, కాస్త ధైర్యం వస్తుంది. ఆఁ, అలాగ. ఒర్ఫా, నా బంగారం, ఏ లో ఎత్తుకోవే. ఏ ఎక్కడుందో తెలుసుగా?"

ఒర్ఫా కదల్లేదు. డెల్ఫియా వంగి, చెల్లెలి వేలు పట్టుకుని, అందరూ చూస్తుండగా మాండొలిన్ మెడ మీద పెట్టవలసిన చోట పెట్టింది. చిన్నపిల్లకి అక్షరం దిద్దించినట్టు. జనం అయ్యో పాపం అనే చప్పుడు చేసి మళ్ళీ చప్పట్లు కొట్టారు.

నేను కావాలనే ఎత్తుకున్నాను అని మైకులో చెప్పడానికి ఒర్ఫాకి నోరు రాలేదు. ఏ లో ఎత్తుకుంది. డెల్ఫియా క్లిప్పు కిందికి దింపి, పాట చివరిదాకా హాయిగా పాడింది. ఒర్ఫా వంగి, పైన పాడింది.

దిగగానే ఆమె గార్లండ్ దగ్గరికి వెళ్ళింది. అతను ఎండు ఆపిల్ కేకు ముక్క కాగితం పళ్ళెంలో పెట్టించుకుంటున్నాడు.

"గొంతు బాగుందమ్మా," అన్నాడు. "నిజంగా బాగుంది. కానీ కంగారు మనిషిని నేను వేసుకు తిరగలేను. మేం వెళ్ళేచోట దీనికి పదింతల జనం ఉంటారు."

"నేను కంగారు పడలేదండీ."

"మీ అక్కగారు..."

"అబద్ధం చెప్పింది. నేను తప్పు ఎత్తుకోలేదు. కావాలనే బి లో ఎత్తుకున్నాను. మీరు వింటారని." ఒర్ఫా గొంతు ఇప్పుడు వణికింది. "మూడు రాత్రులు గుడ్డ కుక్కి సాధన చేశాను. చూడకుండా వాయించగలను. కావాలంటే బయటికి రండి, ఇప్పుడే పాడతాను."

గార్లండ్ కేకు పళ్ళెం బల్ల మీద పెట్టాడు.

"ఆవిడకి చెప్పలేదా?"

"చెబితే ఒప్పుకోదు."

"ఆవిడ గొంతు అక్కడ నిలబడదని నీకు ముందే తెలుసా?"

ఒర్ఫా జవాబు చెప్పడానికి కొంచెం ఆలస్యం చేసింది. ఆ కొంచెం చాలింది.

"చూడమ్మా," అన్నాడు గార్లండ్, మెల్లిగానే. "కంగారు పడే వాళ్ళని ఒక ఏడాది తిప్పితే కుదురుకుంటారు. పక్కనున్న మనిషి కాళ్ళ కింద నేల లాగేసేవాళ్ళకి మందు లేదు. నాక్కూడా అరవై దాటాయి. ఇవాళ కాకపోతే రేపు నా గొంతూ చిట్లుతుంది. అప్పుడు నా పక్కన నువ్వు ఉండకూడదు."

టోపీ అంచు తాకి, కేకు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఇంకా వెలుతురుంది. హోబర్ట్ ట్రక్కు వెనక కుర్చీల మధ్య కూచున్నాడు, డెల్ఫియా తోలుతోంది.

"చెప్పేశావు కదూ అతనికి?" అంది డెల్ఫియా.

ఒర్ఫా కిటికీ వైపు తిరిగింది.

"మొద్దుదానా. నేను నీకు ఒక చాటు ఇచ్చాను. కంగారు పడిందిలే అంటే ఎవరైనా క్షమిస్తారు. ఆ చాటు కూడా నువ్వే చింపుకున్నావు."

"నీకు ఎప్పటి నించి తెలుసు?"

"మంగళవారం నించి. గార్లండ్ పెళ్ళానికీ నాకూ జుట్టు కత్తిరించేది ఒకామేనే. నువ్వు వచ్చి చెబుతావేమో అని చూశాను. అక్కా, నాకు పిలుపొచ్చింది, పోతాను అని. బుధవారం చూశాను. గురువారం చూశాను. నా గొంతు గురించి అడిగావు కానీ నీ గురించి చెప్పలేదు."

"చెబితే పంపేదానివా?"

డెల్ఫియా మలుపు తిప్పి, గేరు మార్చి, ఆలోచించింది.

"లేదు," అంది. "కానీ నువ్వు చెప్పినదానివి అయ్యేదానివి."

ఒర్ఫా ఒళ్ళోని మాండొలిన్ పెట్టెని గట్టిగా పట్టుకుంది. గార్లండ్ వ్యాను వాళ్ళకి ఎదురు దిక్కున పోయి ఉంటుంది. ఈ పాటికి కొండ దాటి ఉంటుంది.

"పై నెల చర్చివాళ్ళు పిలిచారు," అంది డెల్ఫియా. "వస్తామన్నాను."

"నేను రాను."

"ఎక్కడికి పోతావు మరి?"

ఆ మాట ఆమె ఎకసెక్కంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగింది.

ట్రైలరులోకి వెళ్ళి ఒర్ఫా తలుపు వేసుకుంది. బిగుతు గౌను విప్పేసింది. కుర్చీలో కూచుని దీపం పాట పాడబోయింది, ఒక్కతే, ఎవరూ పక్కన లేకుండా. తనకి అక్క లేకపోతే ఏం, పాట లేదా అనుకుంది. గొంతు ఎత్తగానే అది పైకి పోయి నిలబడింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ పైకే పోయింది. కింద ఉండవలసిన అసలు పాట నోటికి రాలేదు. వినగా వినగా అక్షరం అక్షరం తెలిసిన పాట. పాడటం మాత్రం ఎన్నడూ పాడలేదు. లేని మనిషి భుజం మీద చెయ్యి వేసి నిలబడినట్టుంది ఆమె గొంతు.

పైన అక్క వంటింటి కిటికీ తెరిచి ఉంది. డెల్ఫియా గిన్నెలు తోముతూ అదే పాట ఎత్తుకుంది, ఏ లోనే. చరణం అయింది. కోరస్ దగ్గరికి వచ్చి ఆగింది. కాసేపు చూసి, మళ్ళీ మొదటి నించి ఎత్తుకుంది, ఇంకాస్త గట్టిగా.

ఒర్ఫా పెదవులు బిగబట్టి కూచుంది.

"ఒర్ఫా, పాడెయ్యమ్మా!" అని హోబర్ట్ వసారాలోంచి కేకేశాడు. "నువ్వు కలిస్తే గానీ ఇది అన్నం పెట్టేలా లేదు!"

డెల్ఫియా మళ్ళీ కోరస్ దగ్గరికి వచ్చింది. ఒర్ఫా పాడింది.